సన్నగా ఉన్న పిల్లకి షుగరేమిటి?

మా ఇంట్లో షుగర్ అనే మాటని పంచదార డబ్బా గురించి కంటే మనుషుల గురించే ఎక్కువ వాడతాం. మామయ్యగారికి షుగర్. పెద్ద బావగారికి షుగర్. మావారికి 'బోర్డర్లో ఉంది'. అంటే ఇంకా మందులు మొదలుపెట్టలేదు, పండగపూట బొబ్బట్టు మీద చెయ్యి వెయ్యడానికి ఒక సాకు మిగిలి ఉంది అని అర్థం. బెజవాడలో ఏ పెళ్ళిభోజనంలోనైనా చూడండి, "స్వీటొద్దమ్మా, నాకు షుగరు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే పెద్దమనిషే సాంబారులోకి ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి అన్నం మారు వడ్డించుకుంటాడు. మనం నవ్వుకుని ఊరుకుంటాం. అంత అలవాటైపోయింది.

అంత అలవాటున్న ఇంట్లో కూడా, నిరుడు ఎండాకాలంలో మా వదిన కూతురికి ఆరో నెల నిండాక షుగరుందని తేలేసరికి అందరి నోటా ఒకటే మాట. "సన్నగా ఉన్న పిల్లకి షుగరేమిటి?"

పిల్ల నిజంగానే సన్నం. పెళ్ళినాటి జాకెట్లకి రెండు పక్కలా కుట్లు వేసుకుని తొడుక్కున్న పిల్ల. కడుపుతో ఉన్నా వెనకనుంచి చూస్తే తెలిసేది కాదు. మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు చేసిన పరీక్షలో ఏమీ లేదు. రెండోసారి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళల్లో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత చూస్తే 168 వచ్చింది. 140 దాటితే గర్భిణీ షుగర్ కిందే లెక్క.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో విచారణ మొదలైంది. వియ్యపురాలు ఫోన్ చేసి, "పుట్టింట్లో ఏం పెడుతున్నారేమిటి వదినగారూ?" అని నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వుకి మా వదిన రాత్రంతా నిద్రపోలేదు. తను చేసిపెట్టిన సున్నుండల డబ్బా తీసుకెళ్ళి పనమ్మాయికి ఇచ్చేసింది. అత్తయ్యగారు నూజివీడు రసాల బుట్ట వంక చూసి, "కాలం కాని కాలంలో తిననిచ్చారు" అన్నారు. అది మే నెల. మామిడిపళ్ళకి అంతకంటే కాలం ఇంకేముంటుంది? ఇవన్నీ వింటూ ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "అత్తా, నేను రోజుకి ఒక్కటే తిన్నాను. నిజంగా ఒక్కటే" అంది. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది. బిడ్డని మోస్తున్న పిల్ల, పండు లెక్క అప్పజెబుతోంది. నాకు అది భరించరాని సంగతిగా అనిపించింది.

నేను పెళ్ళికి ముందు జువాలజీతో బీయెస్సీ చదివాను. ఆ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. చదువు అయితే అంత కిందకి పోలేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక దొరికే గంటన్నరలో, ఈ ఇన్సులిన్ సంగతిని మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ వైద్యం డాక్టరమ్మ చేస్తుంది. నాకు కావాల్సింది ఆ ప్రశ్నకి జవాబు. సన్నగా ఉన్న పిల్లకి షుగర్ ఎందుకు వచ్చింది, అందులో ఎవరి తప్పు ఎంత?

ముందుగా ఒక సంగతి తెలిసింది. మనం ల్యాబులో తెచ్చుకునే షుగర్ అంకె కథలో ఆఖరి పేజీ మాత్రమే. అసలు కథ ఇన్సులిన్‌ది.

ఇన్సులిన్ అనేది పిలుపు అనుకోండి. "అన్నానికి రండర్రా" అని వంటింట్లోంచి పిలుస్తాం కదా. ఒకింట్లో ఒక్క పిలుపుకే పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఇంకో ఇంట్లో నాలుగు కేకలు వెయ్యాలి, నాలుగోది కాస్త గట్టిగా. రాత్రి తొమ్మిదింటికి ఎవరైనా వచ్చి చూస్తే రెండిళ్ళలోనూ గిన్నెలు ఖాళీ, పిల్లలు తినేసి ఉంటారు. చూసినవాళ్ళకి తేడా తెలీదు. తేడా అంతా ఆ తల్లి గొంతుకే తెలుసు.

తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చాక, దాన్ని లోపలికి తీసుకోమని కండల్ని, కొవ్వుని పిలిచేదీ, ఇక కొత్తగా తయారుచెయ్యడం ఆపమని లివరుకి చెప్పేదీ ఇన్సులినే. కొందరి ఒంట్లో ఒక్క పిలుపు చాలు. కొందరి ఒంట్లో కండలకి చెవుడు. అదే ఇన్సులిన్ రెసిస్టెన్స్. అప్పుడు క్లోమం, అదే పాంక్రియాస్, గొంతు పెంచుతుంది. ఏళ్ళ తరబడి పెంచుతూనే ఉంటుంది. అన్నాళ్ళూ షుగర్ రిపోర్టు శుభ్రంగా 'నార్మల్' అనే వస్తుంది. గొంతు బొంగురుపోయిన రోజున అంకె పెరుగుతుంది. మనం ఆ రోజున జబ్బు వచ్చిందనుకుంటాం.

మరి ఎన్ని కేకలు వేస్తోందో లెక్కపెట్టడం ఎలా? ఈ ఒక్క ప్రశ్న కోసం పరిశోధకులు దశాబ్దాలు కష్టపడ్డారు.

1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అనే డాక్టరు ఒక తేలికైన పని చేశాడు. రోగుల చేత గ్లూకోజు తాగించి, అదే సమయంలో ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చి చూశాడు. కొందరిలో షుగర్ పెద్దగా పెరగలేదు. ఇంకొందరిలో ఇన్సులిన్ ఇవ్వనట్టే పైకి ఎగబాకింది. అంటే అందరికీ ఇన్సులిన్ తక్కువై షుగర్ రావడం లేదు, కొందరికి అది ఉన్నా ఒళ్ళు వినడం లేదు. అంతకుమించి ముందుకెళ్ళడానికి అప్పట్లో వీల్లేదు. రక్తంలో ఇన్సులిన్ ఉండేది అతి సూక్ష్మం, దాన్ని కొలిచే సాధనం లేదు.

ఆ సాధనాన్ని ఇచ్చినవాళ్ళలో ఒకరు ఆడమనిషి. న్యూయార్క్‌లో బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన రోజలిన్ యాలో, ఇద్దరు పిల్లల తల్లి. తన సహచరుడు సోలమన్ బెర్సన్‌తో కలిసి 1950ల చివర్లో రేడియో ఇమ్యునో అస్సే అనే పద్ధతిని తయారుచేసింది. దాంతో చూస్తే, పెద్దవయసులో షుగర్ వచ్చినవాళ్ళలో చాలామంది రక్తంలో ఇన్సులిన్ దండిగా ఉంది! గొంతు పోలేదు, చెవులు వినడం లేదు. 1977లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యంలో ఆ బహుమతి అందుకున్న రెండో మహిళ ఆమె. బెర్సన్ 1972లోనే పోయాడు కాబట్టి ఆయనకి రాలేదు. ఇప్పుడు మన చిట్టి మీద 'థైరాయిడ్' అని రాస్తే చేసే హార్మోన్ల పరీక్షలు కూడా ఆ దారిలో పుట్టినవే.

అసలైన కొలత మాత్రం 1979లో డిఫ్రాన్జో, టోబిన్, ఆండ్రెస్ అనే అమెరికా పరిశోధకులు స్థిరపరిచిన క్లాంప్ పరీక్ష. పేరు చూసి భయపడకండి. బెజవాడవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

మన ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులు ఉండాలి. కిందికి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ తాగుతూ ఉంటాయి. మట్టం తగ్గకుండా పైన పులిచింతల నుంచి నీళ్ళు వదులుతారు. ఇప్పుడు ఆలోచించండి. మట్టం 12 దగ్గర కదలకుండా నిలబడి ఉందంటే, పైనుంచి ఎంత వదులుతున్నారో అంతే కాలవలు తాగుతున్నాయన్నమాట. ఎక్కువ వదలాల్సి వస్తే కాలవలు బాగా పారుతున్నట్టు. కాస్త వదిలితేనే మట్టం నిలిచిపోయిందంటే, కాలవల్లో ఎక్కడో పూడిక ఉంది.

క్లాంప్ పరీక్ష అచ్చంగా ఇదే. మనిషిని పడుకోబెట్టి ఒక చేతికి ఇన్సులిన్ ఒకే ధారగా ఎక్కిస్తారు. దాంతో షుగర్ పడిపోతుంది కదా, పడిపోకుండా గ్లూకోజు కూడా ఎక్కిస్తారు. రెండో చేతిని వెచ్చని పెట్టెలో ఉంచి, అయిదేసి నిమిషాలకోసారి రక్తం తీసి చూస్తూ, షుగర్ని 90 దగ్గర నిలబెడతారు. రెండు గంటలు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. అలా నిలబెట్టడానికి ఎంత గ్లూకోజు పొయ్యాల్సి వచ్చిందన్నదే కొలత. ఎక్కువ పోస్తే ఒళ్ళు బాగా వింటున్నట్టు. తక్కువ సరిపోతే, పూడిక.

ఇది పరిశోధనలకే గానీ మనలాంటివాళ్ళకి ఆసుపత్రిలో చేసేది కాదు. ఒక్కో మనిషికి ఒక పూట, పక్కన కదలకుండా ఒక డాక్టరు, ఒక నర్సు. ఊళ్ళకి ఊళ్ళని పరీక్షించాలంటే కుదరదు. అందుకని 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ మాథ్యూస్ బృందం ఒక చవకైన లెక్క కనిపెట్టింది. దాని పేరు హోమా. పరగడుపున ఒక్కసారి రక్తం తీసి, షుగర్ ఎంతో, ఇన్సులిన్ ఎంతో చూస్తారు. రెండూ గుణించి 405తో భాగిస్తారు. అంతే.

పాలలెక్క వేసుకునే మనకి ఈ లెక్క ఎంత? ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారనుకోండి. ఇద్దరికీ పరగడుపు షుగర్ 90. ఒకామె ఇన్సులిన్ 5. తొంభై అయిదులు 450, 405తో భాగిస్తే 1.1. రెండో ఆమె ఇన్సులిన్ 18. తొంభై పద్దెనిమిదులు 1620, భాగిస్తే 4. ఇద్దరి షుగర్ రిపోర్టూ ఒకటే, ఇద్దరికీ 'నార్మల్' అనే చెబుతారు. రెండో ఆమె ఒంట్లో మాత్రం నాలుగు కేకలు.

ఇక్కడే ఒక మాట. ఇది చదివి రేపే ల్యాబుకి పరిగెత్తి ఇన్సులిన్ పరీక్ష చేయించుకోకండి. హోమా ఊరి జనాన్ని ఊరి జనంతో పోల్చడానికి బాగా పనికొస్తుంది. ఒక్క మనిషికి అయితే ఇన్సులిన్ అంకె రోజుకో రకంగా ఊగుతుంది, ల్యాబుకీ ల్యాబుకీ తేడా వస్తుంది. నెలసరి సరిగా రాని మన ఆడపిల్లలకి, అదే పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ముఖ్యమైన సంగతే. అయినా 2023 అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా వాళ్ళకి మామూలుగా ఇన్సులిన్ కొలవమని చెప్పడం లేదు. గ్లూకోజు తాగించి చేసే పరీక్షనే చెబుతున్నాయి. ప్యాకేజీలో చౌకగా వస్తోందని డబ్బు తగలెయ్యక్కర్లేదు.

సరే, మా పిల్ల సంగతికి వద్దాం. 1990లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పాట్రిక్ కటలానో బృందం కొందరు స్త్రీలకి గర్భం రాకముందు ఒకసారి, వచ్చిన కొత్తలో ఒకసారి, నెలలు నిండేముందు ఒకసారి క్లాంప్ పరీక్ష చేసింది. ఏ జబ్బూ లేని తల్లుల్లో కూడా, చివరి నెలలకి వచ్చేసరికి ఇన్సులిన్ మాట వినే శక్తి సగానికి, అంతకంటే కిందికి కూడా పడిపోయింది. ఇది రోగం కాదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు చేయించే పని. తల్లి కండలు గ్లూకోజుని తామే లాగేసుకోకుండా బిడ్డకి వదిలిపెట్టాలి కాబట్టి, తల్లి ఒళ్ళు కావాలనే చెవులు మూసుకుంటుంది. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మనం ముద్ద నోట్లో పెట్టుకోబోయి పిల్లల కంచం వైపు చూసే గుణం మన కండల్లోనే ఉందన్నమాట!

అయితే ఆ నెలల్లో క్లోమం రెట్టింపుకి మించి కేకలు వెయ్యాలి. గొంతులో సత్తా ఉంటే వేస్తుంది, షుగర్ రాదు. అప్పటికే అలిసి ఉంటే ఆరో నెలకో ఏడో నెలకో గొంతు చాలదు. మా పిల్లకి జరిగింది అదే. ఆ 168ని రసాలు ఒక్కటే తేలేదు. రసాలు మానేసి ఉంటే 160 వచ్చేదేమో, బరువు అయితే అదే ఉండేది.

మరి పాతికేళ్ళకే, అంత సన్నటి ఒంట్లో, ఎందుకు అలిసిపోయింది? దీనికి జవాబు పూనాలో దొరికింది. అక్కడ డాక్టర్ యాజ్ఞిక్ అనే ఆయన ఏళ్ళ తరబడి పల్లెల్లో గర్భిణుల్నీ, వాళ్ళకి పుట్టిన పిల్లల్నీ కొలిచారు. ఆ పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు పిల్లలు 3.5. చేతులు సన్నం, పొట్ట సన్నం. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పూనాలో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ కూడా లండన్ పిల్లలకంటే ఎక్కువే ఉంది. మన బిడ్డలు పుట్టుకతోనే సన్నం, లోపల కొవ్వు. 2004లో ఆయన, తన స్నేహితుడైన లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కన నిలబడి ఒక ఫోటో తీయించుకుని 'లాన్సెట్' పత్రికలో వేశారు. ఇద్దరి ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! పైకి సన్నగా కనపడటం వేరు, లోపల సన్నగా ఉండటం వేరు. "సన్నగా ఉన్న పిల్లకి" అనే మన ప్రశ్నలోనే పొరపాటు ఉంది.

ఇక నన్ను పట్టుకుని ఆపేసిన సంగతి మన తెలుగు ఊళ్ళదే. హైదరాబాదుకి దగ్గర్లోని 29 పల్లెలు. 1987 నుంచి 1990 దాకా ప్రభుత్వ ఐసీడీఎస్ పథకం దశలవారీగా విస్తరిస్తోంది. కొన్ని ఊళ్ళకి వచ్చింది, కొన్ని ఊళ్ళకి ఇంకా రాలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఆ తేడాని గమనించే అధ్యయనం మొదలుపెట్టారు. పథకం వచ్చిన 15 ఊళ్ళలో గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ వండిన ఆహారం పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా. రాని 14 ఊళ్ళలో అది లేదు.

ఆ పిల్లలు పెరిగి 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక, 2003, 2005 మధ్య మళ్ళీ వెళ్ళి 1165 మందిని వెతికి పట్టుకుని, పరగడుపున రక్తం తీశారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు పొడుగున్నారు. ఒంట్లో కొవ్వు, కండ రెండు ఊళ్ళలోనూ ఇంచుమించు ఒకటే. కానీ ఉప్మా తిన్న ఊళ్ళలో హోమా అంకె 20 శాతం తక్కువ ఉంది. రక్తనాళాల బిగుతు కూడా కొంత తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది అచ్చయింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, ఆ వయసు పిల్లల్లో కనపడిన తేడా అది. అయినా ఒకసారి ఊహించండి. అంగన్‌వాడీలో గరిటెడు ఉప్మా, పదిహేనేళ్ళ తర్వాత ఒక పిల్ల ఇన్సులిన్ తక్కువ కేకలతో సరిపెట్టుకోవడం!

ఇదంతా ఒక మధ్యాహ్నం అత్తయ్యగారికి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. ఆమె అత్తవారిది అవనిగడ్డ వైపు. మా వదిన కడుపులో పడ్డప్పుడు ఊడ్పుల కాలం. కూలీలకి వండి పంపి, మగవాళ్ళకి పెట్టి, అత్తగారు తిన్నాక ఆమె వంతు వచ్చేది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి మావారు ఆమె కడుపులో మూడో నెల. ఊరు సముద్రానికి కాస్త ఎగువన ఉండబట్టి మనుషులు దక్కారు. గాదెలో ధాన్యం తడిసి మొలకెత్తిపోయింది. ఎవరో తెచ్చి పంచిన బియ్యం, పప్పుతో నెలలు గడిపారట.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను సరిగ్గా తినకపోబట్టా వీళ్ళకిదంతా?" అన్నారు.

సరిగ్గా అక్కడే ఉంది ప్రమాదం. సున్నుండల నుంచి, మామిడిపళ్ళ నుంచి నింద తీసేసి డెబ్బై అయిదేళ్ళ మనిషి నెత్తిన పెట్టడానికా నేను ఇంత చదివింది? రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ నెలల్లో కడుపులో ఉన్నవాళ్ళకి యాభై ఏళ్ళ వయసులో గ్లూకోజు తాగించి చూస్తే, రెండు గంటల తర్వాత షుగర్ మిగతావాళ్ళకంటే ఎక్కువ ఉంది. ఆ కరువుకి తల్లులది తప్పని ఎవరైనా అంటారా? ఉప్పెనకి మా అత్తయ్యగారిది తప్పని ఎవరైనా అంటారా? మావారి బోర్డరుకి ఉప్పెనే కారణమని కూడా ఎవరూ చెప్పలేరు. తిండీ, కూర్చుని చేసే ఉద్యోగమూ, వంశమూ అన్నీ కలుస్తాయి. అదే చెప్పాను.

ఆమె ఈనె తీసి పక్కన పడేసి, "తినకపోవడం కాదే అమ్మాయ్, మిగలకపోవడం" అన్నారు.

నేను చదివిన కాగితాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆ పదిహేను ఊళ్ళలో తల్లులకి జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు. వండిపెట్టారు. గర్భిణి కంచంలోకి ఏం చేరిందన్నదే అక్కడ తేడా. ఇంట్లోవాళ్ళం మనం అదెంతవరకు చేస్తున్నాం? "జాగ్రత్తమ్మా" అనడం తేలిక. ముందు ఆమెకి వడ్డించడం కష్టం.

తర్వాత మా పిల్లకి ఏం జరిగిందో కూడా చెబుతాను. మొదట రెండు వారాలు తిండి మార్పుతో చూశారు. అన్నం తగ్గించి ముద్దపప్పు, ఆకుకూర, గుడ్డు పెంచారు. పళ్ళు మానమనలేదు, అన్నం మీద అన్నంలా తినొద్దన్నారు. తిన్నాక పావుగంట మేడమీద నడక. అయినా భోజనమయ్యాక రెండు గంటలకి చూస్తే 120 దాటుతూనే ఉండటంతో కొద్ది మోతాదులో ఇన్సులిన్ మొదలుపెట్టారు. వదిన మళ్ళీ బెంబేలెత్తింది, "ఇంజెక్షన్ దాకా వచ్చిందా?" అని. గొంతు బొంగురుపోయిన తల్లికి తోడుగా ఇంకొకరు పిలవడం లాంటిదే వదినా, అన్నాను. ఆ పోలిక ఆవిడకి నచ్చింది, వియ్యపురాలికి కూడా ఫోన్లో అదే చెప్పింది.

ఆగస్టులో పాప పుట్టింది, 2.9 కిలోలు. కాన్పయ్యాక ఇన్సులిన్ ఆపేశారు. ఆరు వారాలకి మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. చాలామంది ఆడవాళ్ళు మానేసేది ఇదే. చంటిబిడ్డ, పాలవేళలు, రెండు గంటలు ల్యాబులో కూర్చోవడం ఎవరికి కుదురుతుంది? కానీ గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఆ అలిసిన గొంతు ఎక్కడికీ పోదు, కాన్పుతో కాస్త విశ్రాంతి దొరుకుతుందంతే. ఆ రోజు అత్తయ్యగారే ల్యాబుకి వచ్చి, వరండాలో పాపని ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి పాలిప్పించి మళ్ళీ తీసుకున్నారు. రిపోర్టు బాగానే వచ్చింది.

డాక్టరమ్మ ఏడాదికోసారి చూపించుకోమంది. వదిన వంటింట్లో పాలలెక్క రాసే క్యాలెండర్ ఉంది. కొత్త క్యాలెండర్ వచ్చిన రోజే అందులో ఆగస్టు పేజీ తిప్పి, పాప పుట్టినరోజు చుట్టూ సున్నా చుట్టి, పక్క గడిలో 'అమ్మాయికి గ్లూకోజు పరీక్ష, పిల్లని నేను చూసుకుంటా' అని రాసి పెట్టింది.